మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు - భాగ్యనగరపు నీటిలెక్క

ఒక ఊరిలో నివసింపదగునో లేదో తేల్చుకొనుటకు సుమతీ శతకకర్త నాలుగు గుర్తులు చెప్పినాడు. అక్కరకు ఋణమిచ్చు ధనికుడు, రోగము కుదుర్చు వైద్యుడు, విప్రుడు అను మువ్వురితోపాటు ఎన్నడును ఎండిపోని ఏటిని గూడ ఆయన లెక్కలోనికి తీసికొన్నాడు. కాని ఊరికి వచ్చు నీటిని గూర్చి చెప్పిన ఆ కవి ఊరినుండి పోవు నీటిని గూర్చి చెప్పలేదు. ఆయనకు ఆ అవసరము లేకపోయెను. నాటి పల్లెలో వాడిన నీరు పెరటి అరటిమొదళ్ళలో ఇంకిపోయెడిది. ఇంటికి పెరడు లేని పట్టణములు వెలసిన తరువాతనే రెండవ ప్రశ్న పుట్టినది. నీరు ఎక్కడనుండి వచ్చును, వాడిన నీరు ఎక్కడికి పోవును అను ఈ రెండు ప్రశ్నలకు ఎంతవరకు సమాధానము దొరకునో అంతవరకే పట్టణము పెరుగవచ్చును.

మా ఉట్నూరు కొండలమీది ఊరు. ఆదిలాబాదు ఏజెన్సీ ప్రాంతమునకు కేంద్రము. గోండుల పాతకోట ఒకవైపు, గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయము మరియొకవైపు ఈ ఊరికి గుర్తులు. వానకాలములో వాగులు పొంగి దారులు తెగును. ఎండలు ముదిరిన తరువాత బోరింగులు నీటికి బదులు గాలిని తోడును. ఇటీవల ఊరు నాలుగు దిక్కులకు ప్రాకినది. మేముండు వీధిలో ఇంటికొక బోరు, దానికి పది పదిహేను అడుగుల దూరములో ఒక సెప్టిక్ ట్యాంకు. నిరుడు వేసవిలో మా బోరునీటికి వాసన పట్టినది. పొరుగువారి గుంటను అనుమానించి చూడబోగా, నా ఇంటి గుంట వారి బోరుకు అంతకన్న దగ్గరగా ఉన్నదని తేలినది. ఎవరిని ఏమనగలము? ఆ సిగ్గుతో ఇంటికి వచ్చి, ఎన్నడో చదివిన ఒక మహనీయుని జీవితమును మరల తిరుగవేసితిని. ఆయనయే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

విశ్వేశ్వరయ్యగారిని కన్నడిగులు తమవారందురు. అది న్యాయమే. 1861 సెప్టెంబరు 15వ తేదీన మైసూరు రాజ్యములోని చిక్కబళ్ళాపురము దగ్గర ముద్దెనహళ్ళిలో ఆయన జన్మించినారు. కాని ఇంటిపేరు మనది. గిద్దలూరు ప్రాంతములోని మోక్షగుండము ఆయన పూర్వుల ఊరు. ఇంటిలో మాట్లాడుకొన్న భాష తెలుగు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. బాల్యములోనే తండ్రి గతించుటచే ఆ కుటుంబమునకు దారిద్ర్యము దాపురించినది. మేనమామ అండతో బెంగుళూరు చేరి, ఒక కొడగు కుటుంబపు పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పట్టము పొందినారు. మైసూరు ప్రభుత్వము ఇచ్చిన విద్యార్థివేతనముతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివి 1883లో ప్రథములుగా నిలిచినారు. మరుసటి సంవత్సరము బొంబాయి ప్రభుత్వపు ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరినారు.

ఆనకట్టలు కట్టినవాడని లోకము ఆయనను ఎరుగును. కాని ఆయన తన విద్యకు పదును పెట్టుకొన్నది చిన్న పట్టణముల దాహము తీర్చుటలోనే. సింధు రాష్ట్రములోని సుక్కూరు పట్టణము మహానది ఒడ్డున ఉండియు మంచినీటికి అల్లాడినది. నదినీరు బురద, దానిని వడబోయుటకు పెద్ద కట్టడములు నిర్మించు శక్తి పురపాలక సంఘమునకు లేదు. 1894లో అక్కడికి పోయిన విశ్వేశ్వరయ్యగారు నదీగర్భములోని ఇసుకనే వడపోత యంత్రముగా వాడుకొన్నారు. నదిలోపల బావి త్రవ్వించి, ఇసుకగుండా ఊరి చేరిన తేటనీటిని కొండమీదికి తోడించి, అక్కడినుండి పట్టణమునకు పంపినారు. మన వాగులలో చెలమ త్రవ్వి కడవ నింపుకొను ప్రతి గిరిజన స్త్రీకి తెలిసిన విద్యయే అది. దానిని ఒక పట్టణమునకు సరిపోవు కొలతకు పెంచుటలో ఆయన ప్రతిభ ఉన్నది.

తరువాత సూరతు నీటిసరఫరా. పిమ్మట పూనా నగరమునకు ఆధారమైన ఖడక్‌వాస్లా జలాశయము. అక్కడ ప్రతి వర్షకాలములోను మత్తడిమీదుగా నీరు పొర్లిపోవుచుండెను. వేసవికి కొరత పడుచుండెను. కట్టను ఎత్తు చేయుట ప్రమాదకరము. నీరు ఒక మట్టము మించగానే తమంతట తాము తెరచుకొని, తగ్గగానే మూసికొను తలుపులను ఆయన కల్పించినారు. 1903లో వాటిని అమర్చిన పిమ్మట పాతకట్టయే అదనముగా అనేక అడుగుల నీటిని నిలుపగలిగినది. ఆ కల్పనకు రావలసిన రుసుమును ప్రభుత్వోద్యోగి నగుటచే తీసికొనరాదని ఆయన వదలుకొన్నారు. ఉన్నదానిని పొర్లిపోనీయక నిలుపుకొనిన తరువాతనే క్రొత్తదానికై చేయి చాచవలెనన్నది ఈ పనిలోని పాఠము.

1906లో బొంబాయి ప్రభుత్వము ఆయనను ఏడెనుకు పంపినది. వాన దాదాపు లేని ఎడారి రేవు అది. సముద్రపు నీటిని కాచి ఆవిరిపట్టి త్రాగువారు. లోపలి కొండలలో కురిసిన కొద్దిపాటి వాన లాహెజ్ ప్రాంతపు ఇసుకవాగులో ఇంకి పోవుచున్నదని గమనించి, సముద్రపు ఉప్పు సోకనంత దూరములో బావులు త్రవ్వి నీరు తెచ్చుకొనవలెనని ఆయన సూచించినారు. గమనింపవలసినది మరియొకటి కలదు. ఏడెనుకు ఆయన వేసిన పథకము నీటికి మాత్రమే కాదు, మురుగు కాలువలకును కలిపి వేసినది. వచ్చు నీటిని, పోవు నీటిని ఒకే కాగితముమీద లెక్క వేయుట ఆనాటికే ఆయనకు అలవాటైనది.

1908లో ఉద్యోగము చాలించి ఆయన విదేశయాత్రకు బయలుదేరినారు. ఆ సంవత్సరముననే సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదులో మూసీ పొంగినది. ఆనాడు మా ఉట్నూరు గూడ ఆ నిజాం రాజ్యములోనిదే. నగరమునకు ఎగువన రెండు రోజులపాటు కుండపోతగా వాన కురిసినది. మూసీ, దానిలో కలియు ఈసీ నదుల పరీవాహక ప్రాంతములో 788 చెరువులుండగా అందులో 221 తెగినవి. గొలుసుకట్టు చెరువుల స్వభావము మన రైతులకు తెలియనిది కాదు. పై చెరువు తెగిన నీరు క్రింది చెరువుమీద పడును. ఆ రెండిటి నీరు మూడవదానిమీద పడును. ఇట్లు పోగైన ప్రవాహము తెల్లవారుజామున నగరముమీదికి వచ్చిపడినది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకొనిపోయినవి. మూడువందల ఏండ్లకు పైబడిన పురానాపూల్ నిలిచినది. పదిహేనువేల వరకు ప్రాణములు పోయినవని లెక్క. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టునెక్కి నూటయేబది మంది బ్రతికినారు.

నిజాం ప్రభుత్వపు ఆహ్వానము విశ్వేశ్వరయ్యగారికి ఇటలీలో నుండగా అందినది. యాత్ర ముగించుకొని 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదు చేరినారు. ప్రభుత్వము ఆయనకు మూడు పనులు అప్పగించినది. నగరమును మరల నిర్మించుటలో సలహా ఇచ్చుట మొదటిది. వరదనుండి కాపాడు ఉపాయము చెప్పుట రెండవది. నగరమునకు, చాదర్‌ఘాటుకు మురుగు కాలువల పథకము తయారుచేయుట మూడవది. దుఃఖము పచ్చిగానున్న ఆ రోజులలో ప్రజలు రెండవదానినే ఆశించియుందురు. మూడింటిని కలిపి ఒక్కని చేతిలో పెట్టుట ప్రభుత్వపు దూరదృష్టి; మూడింటిని కలిపి ఆలోచించుట ఆయన దూరదృష్టి.

నదిని ఊరిలో నిలిపి పోరాడుట వ్యర్థమని ఆయన తలచినారు. ఒడ్డులను ఎంత ఎత్తు చేసినను అటువంటి వరద మరల వచ్చిన యెడల నిలువదు. కావున వరదను నగరమునకు ఎగువననే ఆపి, నది మోయగలిగినంత మాత్రమే క్రిందికి విడువవలెను. మూసీమీద ఒక జలాశయము, ఈసీమీద ఒక జలాశయము కట్టవలెనని ఆయన ప్రతిపాదించినారు. నగరములోపల నదికి ఇరువైపుల గోడలు కట్టి, ఒడ్డున ఇండ్లు లేకుండ తోటలు, బాటలు ఏర్పరచవలెనన్నారు. అనగా నది తనదని ఒకనాడు చూపిన భూమిని నదికే వదలిపెట్టుట. నివేదికను 1909 అక్టోబరులో సమర్పించినారు. తరువాత మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనలో మూసీమీది ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీమీది హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడను నానుడి ఆ తరువాత పుట్టినదే.

ఇక్కడ ఒక చిక్కున్నది. వరదను పట్టవలసిన జలాశయము వానకు ముందు ఖాళీగా ఉండవలెను. దాహము తీర్చవలసిన జలాశయము నిండుగా ఉండవలెను. ఒకే కట్ట రెండు పనులు చేయవలెనన్న, దానిలో కొంత భాగము నీటికి, కొంత భాగము శూన్యమునకు కేటాయింపవలెను. ఆ శూన్యము వృథాగా పడియున్నదని సామాన్యునికి తోచును. నగరము పెరిగి దాహము పెరిగినకొలది ఆ ఖాళీని గూడ నింపుకొనవలెనన్న ఆశ పుట్టును. చెరువు నిండలేదు గదా యని శిఖములో ఇల్లు కట్టుకొనువాని బుద్ధియు ఇదియే. వాన ఒక ఏడు రాకపోవచ్చును, పది ఏండ్లు రాకపోవచ్చును. దాని చోటు దానికి ఉంచవలసినదే. పట్టణపు హద్దు గీయుట యనగా ఇటువంటి శూన్యములను కాపాడుటయే.

నివేదిక ఇచ్చిన పిమ్మట ఆయన మైసూరు ప్రధాన ఇంజనీరుగా వెళ్ళినారు. అక్కడ ఆయన చేసిన కృష్ణరాజసాగర నిర్మాణమును, 1912 మొదలు 1918 వరకు నెరపిన దివానుగిరిని, స్థాపించిన కర్మాగారములను, బ్యాంకును, విశ్వవిద్యాలయమును గూర్చి పాఠ్యపుస్తకములలో అందరు చదువుకొన్నదే గనుక ఇక్కడ విస్తరింపను. పదవి వదలిన తరువాత 1920 దశకములో హైదరాబాదు ఆయనను మరల పిలిచినది. ఈసారి పని మురుగు కాలువలది.

మురుగు కాలువ కథ జలాశయపు కథవలె కంటికి ఇంపు కాదు. దానికి ప్రారంభోత్సవము చేసి దీపములు వెలిగించువారు అరుదు. కాని గండిపేట నీరు కుళాయిలోనికి వచ్చిన నాటినుండి ఆ పని తప్పనిదైనది. ఇంటికి వచ్చు ప్రతి పది బిందెల నీటిలో ఎనిమిది బిందెలు మురికియై బయటికి పోవునని ఇంజనీర్లు లెక్క వేయుదురు. నీరు తెచ్చి దారి చూపనియెడల తెచ్చినదెల్ల వీధిలో గుంటయై దోమలను పెంచును. కావుననే ఆయన నీటిని, మురుగును జోడెద్దులుగా చూచినారు. భూమిలోపల గొట్టములు వేసి, ఊరి వాలును అనుసరించి, యంత్రము లేకుండ మురుగు తనంతట తాను దిగువకు పారునట్లు ఆ ఏర్పాటు. 1931లో అది పని ప్రారంభించినది. 54 చదరపు కిలోమీటర్ల మేర, 4 లక్షల 68 వేల జనమునకు సరిపోవునట్లు దానిని నిర్మించినారు. ఆ సంవత్సరపు నగర జనాభా ఇంచుమించు అంతే.

ఈ అంకెను కొంచెము నిలిచి చూడవలెను. కాలువ గొట్టపు వెడల్పు ఒకసారి భూమిలో పాతిన తరువాత పెరుగదు. నాలుగున్నర లక్షలమందికి వేసిన గొట్టములో పది లక్షలమంది మురుగు పోసిన, అది వెనుకకు తన్ని ఇండ్లలోనికి వచ్చును, లేదా నదిలోనికి పొర్లును. కావున ఆ అంకె పైకి కనబడని ఊరి గోడ. కులీకుతుబ్‌షా పట్టణమునకు రాతిగోడ, దర్వాజాలు వచ్చిచేరినవి గదా; ఇంజనీరు కట్టిన గోడ భూమిక్రింద ఉన్నది. రాతిగోడ దాటినవాడు కంటబడును. ఈ గోడ దాటినవాడు ఎవరికిని కంటబడడు, మూసీకి తప్ప.

విశ్వేశ్వరయ్యగారు పట్టణముల పెరుగుదలకు శత్రువులని తలపరాదు. పరిశ్రమలు రావలెనని, పట్టణములు పెరుగవలెనని, దేశమంతకు ప్రణాళిక కావలెనని జీవితాంతము వాదించినవారాయన. 1934లోనే ఆ విషయముపై గ్రంథము వ్రాసినారు. హైదరాబాదు ఇంతకు మించి పెరుగరాదని ఆయన ఎచ్చటను గీత గీయలేదు. అందుచేతనే ఆయన లెక్కకు విలువ ఎక్కువ. పెరుగుదలను కోరినవాడే, పెరుగుటకు ముందు నీరెంత, మురుగుకు దారియెంత అని అడిగినాడు. పెరుగవలెనన్న మరియొక జలాధారము, మరియొక కాలువ సిద్ధపరచుకొని పెరుగవలెను. ముందు ఇండ్లు, తరువాత నీరు, చివరకు వీలైన మురుగు కాలువ అన్న మన క్రమము ఆయనది కాదు.

1955లో భారతరత్న బిరుదమందుకొని, నూరేండ్లు నిండిన బ్రతుకు బ్రతికి, 1962 ఏప్రిల్ 14వ తేదీన ఆయన బెంగుళూరులో కన్నుమూసినారు. ఆ తరువాతి కథ కట్టడములది. నగరపు దాహము గండిపేటతో తీరక 1965లో మంజీర నీరు, 2004లో కృష్ణ నీరు, 2015లో గోదావరి నీరు తెచ్చుకొనవలసి వచ్చినది. 2011 జనగణన నాటికి నగర పాలక సంస్థ పరిధిలోని జనమే 67 లక్షలు దాటినది. నీరు దూరమునుండి తెచ్చుట డబ్బుతో అగు పని. దానికి తగిన మురుగు కాలువలు మాత్రము నీటితో సమానముగా నడువలేదు. ఆ కొరతయంతయు మూసీ నలుపులో కనబడును.

ఆయన జలాశయములకు ఎగువనున్న భూమిపైన గూడ నగరము కన్ను వేసినది. 1996 మార్చి 8వ తేదీన ప్రభుత్వము 111వ సంఖ్య ఉత్తర్వు వెలువరించి, రెండు జలాశయముల చుట్టు పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామములలో, కాలుష్యము కలిగించు పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించినది. ఒక నూనెల కర్మాగారము విషయములో ఆ కట్టుబాటుకు సడలింపు చెల్లదని సర్వోన్నత న్యాయస్థానము 2000లో తీర్పు చెప్పినది. నీటి కొరకు ఊరికి గీత గీయుట మన నేలమీద జరిగిన గొప్ప ఉదాహరణ ఇదియే. కాని ఆ 84 గ్రామముల రైతులకును ఒక బాధ ఉండెను. నగరపు దాహము కొరకు తమ భూమి ధర ఏల పెరుగరాదని వారడిగినారు. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. గీత గీసినవారు గీతలోపలి వానికి పరిహారము చూపకపోయిరి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వము మరియొక ఉత్తర్వుతో ఆంక్షలను సడలించినది. ఇప్పుడు ఆ రెండు జలాశయముల నీరు నగరమునకు ముఖ్యాధారము కాదని సమర్థించుకొన్నారు. దాహము మాట సరే. వాటి రెండవ పని, వరదను పట్టు పని, ఎవరు చేయుదురు? 2020 అక్టోబరులో నగరముపైననే కురిసిన వానకు ఊరి నడుమ చెరువులు తెగి, శిఖములో వెలసిన కాలనీలు మునిగిన దృశ్యము అందరు చూచినదే. 1908 నాటి పాఠమును మరచుటకు నూరేండ్లు చాలినవి.

గోదావరి నీరన్నాను గదా. అది హైదరాబాదుకు చేరునది కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల నడుమనున్న ఎల్లంపల్లినుండి, సుమారు 186 కిలోమీటర్లు ప్రయాణము చేసి. కడెం నది ఎల్లంపల్లికి ఎగువననే గోదావరిలో కలియును. మా కొండల దక్షిణపు వాలున పడిన వానచినుకు వాగులగుండా కడెము చేరి, గోదావరి చేరి, చివరకు రాజధానిలో ఎవరి యింటి కుళాయిలోనో తేలును. ఆ నీటి పుట్టినింట మేము కడవలు పట్టుకొని వరుసలో నిలుచుట చిత్రమే. అయినను నేను నింద పంచుటకు వ్రాయుటలేదు. గత దశాబ్దములో మిషన్ భగీరథ గొట్టములు మా పల్లెలకును వచ్చినవి. గొట్టము వచ్చిన చోట రెండవ ప్రశ్నయు వచ్చినట్లే.

చిన్న ఊరికి లెక్క చిన్నది. మురుగు కాలువలు లేని ఊరిలో మనిషికి రోజుకు 70 లీటర్ల నీరు, కాలువలున్న ఊరిలో 135 లీటర్లు ఇయ్యవలెనని ప్రభుత్వ ప్రమాణములు. కాలువ లేని ఊరికి ఎక్కువ నీరు ఇచ్చిన కీడేయని దాని భావము. ఐదుగురు చొప్పున వేయి ఇండ్ల క్రొత్త కాలనీ లేచినదనుకొందము. రోజుకు మూడున్నర లక్షల లీటర్ల నీరు కావలెను. రెండు లక్షల ఎనుబదివేల లీటర్ల మురుగు పోవలెను. మొదటి అంకె ఎక్కడనుండి, రెండవ అంకె ఎక్కడికి? ప్లాట్లకు సున్నము గీతలు గీయుటకు ముందు గ్రామసభలో ఈ రెండు ప్రశ్నలు అడిగి, సమాధానము దొరికినంత మేరకే అనుమతి ఇచ్చిన చాలును. ఉట్నూరు ఇంకను చిన్న ఊరు. హైదరాబాదుకు ఆలస్యమైన పని మనకింకను ఆలస్యము కాలేదు.

ఏటేట సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినమని విశ్వేశ్వరయ్యగారి పటమునకు పూలమాల వేయుచున్నాము. వేయవలసినదే. ఈ ఏడు ఆ మాల వేసి వచ్చిన సాయంకాలము నేనును, మా పొరుగువారును కలిసి టేపు పట్టుకొని మా రెండిండ్ల బోర్లకు, గుంటలకు మధ్యనున్న దూరము కొలువవలెనని నిశ్చయించుకొన్నాము. రెండిండ్లకు కలిపి దూరముగా ఒకే గుంట త్రవ్వించుటకు స్థలము చూచితిమి. ఖర్చు చెరిసగము.